కేతన కొడుకు కొడుకు

గుంటూరు, బ్రాడీపేట
10 ఆగస్టు 1986

రాజ్యం,

హాస్టల్లో చలికాలమంతా నా దుప్పటి లాక్కుని పడుకున్నదానివి, ఇప్పుడు ఓ కార్డు ముక్క రాయడానికి బద్ధకమా? సరే, తిట్లు కలిసినప్పుడు తిడతాను. ఇప్పుడు పనిమీద రాస్తున్నాను.

పోయిన నెల ఒక యూనివర్సిటీ సదస్సుకి వెళ్లాను. మా పల్లెల్లో చర్చి ఆడవాళ్లు సొంతంగా కట్టుకుని పాడే పాటల మీద వ్యాసం రాసుకుని మరీ వెళ్లాను. గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే ఆయన "ఏ యూనివర్సిటీ తరఫునండి?" అన్నాడు. ఏదీ కాదు, హైస్కూల్లో తెలుగు టీచర్ని అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, వెనక వరసలో కూర్చోమన్నాడు. వ్యాసం సంచిలోనే ఉండిపోయింది. ఆ వెనక వరసలో నాలాంటివాళ్లు ఇంకొందరు తేలారు. ఒక పోస్టుమాస్టరు, ఒక ఆయుర్వేదం డాక్టరు, శాసనాల మీద పనిచేసే రిటైర్డ్ హెడ్మాస్టరు త్యాగరాజుగారు. అందరికీ ఒళ్లు మండే ఉంది కదా, తిరిగొచ్చే రైల్లోనే సంఘం పెట్టేశాం. యూనివర్సిటీల బయట పనిచేసే పరిశోధకుల సంఘం. త్యాగరాజుగారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని.

మొదటి గౌరవ సభ్యత్వం మీ మామగారు శేషాచలంగారికి ఇద్దామని అందరం ఏకగ్రీవంగా అనుకున్నాం. చూపు పోయినా వేళ్లతో శాసనాలు తడిమి చదువుతూ, వ్యాసాలు అచ్చు వేయిస్తూనే ఉన్న మనిషి. ఫిబ్రవరిలో వార్షిక సభ. ఆయన్ని ఒప్పించే పూచీ నీది.

నీ
దేవకుమారి

*

వినుకొండ
21 ఆగస్టు 1986

కుమారీ,

ఆ దుప్పటి ఇద్దరిదీ. వార్డెన్ ఇచ్చేటప్పుడు నువ్వు నిద్రపోతున్నావు.

నీ ఉత్తరం మామయ్యగారికి చదివి వినిపించాను. నీకు తెలుసుగా, ఆయనకొచ్చే ఉత్తరాలన్నీ నేనే చదవాలి. దుప్పటి సంగతి దాటేసి మిగతాది చదివాను. వినీ విననట్టు విని, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. మధ్యాహ్నం మళ్లీ పిలిచి "ఏకగ్రీవంగా అనే రాశారా?" అని అడిగారు. అంటే ఒప్పుకున్నట్టే. ఆయన ప్రయాణం మా ఆయన చూసుకుంటారు. మిల్లులో పత్తి సీజను కాబట్టి ఇప్పట్నించీ సెలవుకి అడగాలట.

కుమారీ, ఇంకోమాట. మీ సంఘంలో నాలాంటిది చేరొచ్చా?

నవ్వకు. నీకు కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది. కళ్లల్లో నీటికాసుల జబ్బు వచ్చి మామయ్యగారికి చూపు పోయిన మొదటి ఏడాది ఆయన చెబితే నేను రాశాను. రెండో ఏడు "ఈ పేరా నువ్వే చూసి రాయమ్మా" అన్నారు. తర్వాత పేరాలు పేజీలయ్యాయి. శాసనం మీద కాగితం అద్ది నకలు తీసేది నేను, చదివేది నేను, వ్యాసం రాసేది నేను. ఆయన రాయి దగ్గరికొచ్చి ఒకసారి వేళ్లతో తడిమి సరిచూస్తారు. ఇంటికొచ్చాక నేను చదువుతుంటే వింటారు. కింద సంతకం పెట్టడానికి ఆయన చెయ్యి పట్టుకుని గీత దగ్గర పెట్టేదీ నేనే. పేరు సంగతి ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే తోచింది. "వ్యాసాలు అచ్చు వేయిస్తూనే ఉన్న మనిషి" అన్న చోట ఆగి గొంతు సవరించుకున్నాను. దగ్గు అనుకున్నారు.

రాజ్యం

*

గుంటూరు
28 ఆగస్టు 1986

రాజ్యం,

నవ్వలేదు. ఏడుపు రాలేదు గానీ కోపం వచ్చింది, నీమీదే ముందు. ఇన్నేళ్లు నాతో కూడా అనలేదు చూడు!

చేరొచ్చు. కానీ నియమావళి ఉంది, అది రాసింది త్యాగరాజుగారు. సొంత పేరుతో అచ్చయిన వ్యాసం ఒక్కటైనా ఉండాలి, ఒక సభ్యుడు ప్రతిపాదించాలి. డిగ్రీలు అడగం, జీతం ఎక్కడని అడగం, పని మాత్రం చూపించమంటాం. మంచి నియమమని చేతులెత్తి ఓటేశాను నేను. అది తిరిగి తిరిగి నీ నెత్తినే పడుతుందని ఏం తెలుసు?

ఒకటే దారి. ఆయన్ని అడుగు. ఈసారి వ్యాసం కింద నీ పేరు పెట్టమని. నీది నువ్వు అడగడానికి సిగ్గెందుకే?

కుమారి

*

వినుకొండ
3 నవంబరు 1986

కుమారీ,

ఆలస్యానికి కోప్పడకు. అడుగుదామనే చూస్తూ ఇన్నాళ్లు గడిపాను.

దసరాల్లో ఒకసారి అడగబోయాను. "మామయ్యగారూ, ఈసారి వ్యాసం..." అన్నానో లేదో, "తుమ్మలగుట్ట వ్యాసానికి మంచి పేరొచ్చిందమ్మా, ఆ పేరులేని కొడుకు సంగతి అందరూ మెచ్చుకున్నారు" అన్నారు. ఎంత సంతోషంగా అన్నారో! చూపు పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. అడగబోయింది అడక్కుండానే వచ్చేశాను.

తుమ్మలగుట్ట శాసనం నీకు తెలుసుగా, జులైలో అచ్చయింది. బుల్లయ్య అనే రైతు మిరప చేను గట్టున ఉన్న రాయి. చెరువు తవ్వించిన మాచన అనేవాడు తనని "కేతన కొడుకు కొడుకు" అని చెప్పుకుంటాడు. తాత పేరు చెప్పి తండ్రి పేరు చెప్పలేదు. ఆ తండ్రి ఏమయ్యాడు, పేరు ఎందుకు చెక్కలేదు అని రాశాను. నేను రాసినవాటిల్లో నాకు బాగా నచ్చింది అదే.

మా ఆయనతో అన్నాను. "ఇప్పుడు ఆయన చేతిలో మిగిలింది ఆ పేరొక్కటే, అదీ నీకు కావాలా?" అన్నారు. తప్పుగా అనలేదు కుమారీ, బాధగానే అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది.

రాజ్యం

*

గుంటూరు
12 డిసెంబరు 1986

రాజ్యం,

పదిరోజులుగా నీకు ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇంక దాచి లాభం లేదు.

ఆ పేరులేని కొడుకుని కళ్లారా చూద్దామని త్యాగరాజుగారు కారు మాట్లాడుకుని తుమ్మలగుట్ట వెళ్లొచ్చారు. ఫోటోలు తీశారు. నాకు చూపించారు. రాయి మీద "కేతన కొడుకు మాచన" అని మాత్రమే ఉంది. కొడుకు ఒక్కసారే ఉంది రాజ్యం. రెండో కొడుకు లేడు.

"తడిమి చదివానని చెప్పుకునే పెద్దమనిషి, లేని మనిషిని కూడా తడిమినట్టున్నాడు" అన్నారు కమిటీలో. ఒకరిద్దరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. గౌరవ సభ్యత్వం ఇచ్చేముందు శేషాచలంగారి వ్యాసాలన్నీ మళ్లీ తనిఖీ చేయాలట. వార్షిక సభలో అందరి ముందూ సంజాయిషీ అడుగుతారట. ఆ ప్రకారం మీ మామగారికి ఉత్తరం కూడా వేశారు.

ఆ ఉత్తరం అందిందా? ఆయనకి చదివావా?

కుమారి

*

వినుకొండ
17 డిసెంబరు 1986

కుమారీ,

అందింది. చదవలేదు. "గుంటూరు నించేమన్నా వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాను. ఆయనతో అబద్ధం చెప్పడం ఇదే మొదలు. ఎంత తేలిగ్గా చెప్పానో తలుచుకుంటే నన్ను చూసి నాకే భయం వేసింది.

నీ ఉత్తరం చూడగానే ట్రంకుపెట్టెలోంచి నకలు కాగితాలు తీసి నేలమీద పరిచాను. తప్పు కనిపించింది. అది ఎలా జరిగిందో నీకు చెప్పాలి.

రాయి వెడల్పు. ఒక కాగితం చాలదు. రాయిని తడిపి, కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దుతాం. పక్కన రెండో కాగితం అంటించేటప్పుడు మొదటిదానిమీద బెత్తెడు ఎక్కించి వేస్తాం, అతుకు దగ్గర అక్షరం పోకుండా. అంటే ఆ బెత్తెడులో ఉన్న అక్షరాలు రెండు కాగితాల మీదా పడతాయి. అక్కడ పెన్సిలు గీత పెట్టుకుని, ఇంటికొచ్చాక ఒకసారే చదవాలి. పోయిన మార్చిలో నేను వెళ్లినరోజు బుల్లయ్య కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటే కొడుతోంది. ఆ ఘాటుకి తుమ్ములు, కళ్లవెంట ఒకటే నీళ్లు. ఎప్పుడు ముగించి పారిపోదామా అనే ఉంది. గీత పెట్టలేదు.

తక్కిన వరసల్లో రెండుసార్లు పడ్డ అక్షరాలకి అర్థం లేదు కనక తీసేశాను. ఈ ఒక్క వరసలో అతుకు దగ్గర పడింది "కొడుకు" అన్న మాట. రెండుసార్లు చదివితే అర్థం వచ్చింది. మురిసిపోయాను. అసలు పుట్టనేపుట్టని మనిషికి రెండు పేజీల చరిత్ర రాశాను.

మామయ్యగారు ఆ రాయిని తడమలేదు. అప్పుడు ఆయనకి జ్వరం. నన్ను నమ్మి సంతకం పెట్టారు.

నాకు సిగ్గుగా ఉంది. అంతకంటే భయంగా ఉంది. త్యాగరాజుగారికి ఇవాళే విడిగా ఉత్తరం రాసి పోస్టు చేశాను. ఆ వ్యాసం నేను రాశాను, తప్పు నాది, మామయ్యగారిని ఏమీ అనొద్దని. నా సభ్యత్వం సంగతి ఇంక మర్చిపో.

రాజ్యం

*

గుంటూరు
2 జనవరి 1987

రాజ్యం,

నన్ను అడక్కుండా ఎందుకు రాశావే తల్లీ!

త్యాగరాజుగారు నీ ఉత్తరం కమిటీలో పైకి చదివారు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ రోజుల్లో ఇలాంటి కోడలు ఎవరికుంటుందండీ, మామగారి పరువు కోసం తప్పు తన నెత్తిన వేసుకుంటోంది" అన్నారు. అందరూ ఆహా అన్నారు. నేను లేచి అరిచాను, ఆవిడ నిజమే రాసింది, అన్ని వ్యాసాలూ ఆవిడవే అని. "మీరు స్నేహితురాలు కదండీ" అన్నారు పోస్టుమాస్టరుగారు, ఎంతో దయగా. ఆ దయకి నా ఒళ్లు భగ్గుమంది.

చూశావా, నువ్వు చెప్తే భక్తి, నేను చెప్తే స్నేహం. ఇంక చెప్పాల్సింది ఆయనొక్కరే. ఆయనకేమో ఏమీ తెలీదు. సభ ఫిబ్రవరి ఎనిమిదిన. ఏమీ తెలియకుండా వచ్చి, సన్మానం అనుకుని కుర్చీలో కూర్చున్న మనిషి ముందు ఆ ఫోటోలు పెడితే ఏమవుతుందో ఆలోచించు. దాచడం కూడా ద్రోహమే రాజ్యం. చదివి వినిపించు.

కుమారి

*

వినుకొండ
1 ఫిబ్రవరి 1987

కుమారీ,

చదివాను. నా అంతట నేను కాదు, చదవాల్సివచ్చింది.

బుల్లయ్య మిరపకాయల పనిమీద ఊళ్లోకొచ్చి, మామయ్యగారిని పలకరించిపోదామని మా ఇంటికొచ్చాడు. అరుగుమీద కూర్చోకముందే మొదలెట్టాడు. "పంతులుగారూ, గుంటూరు నించి ఎవరో పెద్దాయన కారేసుకొచ్చాడండి. మీ రాయికి ఫోటోలు తీశాడు. తీస్తా తీస్తా నవ్వుకుంటన్నాడు. ఏందండీ సంగతి?"

బుల్లయ్య వెళ్లాక మామయ్యగారు నన్ను పిలిచి "రాజేశ్వరీ, నువ్వు చదవని ఉత్తరం ఏమన్నా ఉందా?" అన్నారు. తెచ్చి చదివాను. మళ్లీ చదవమన్నారు. చదివాను. కాగితాల అతుకు సంగతి, త్యాగరాజుగారికి రాసిన ఉత్తరం, వాళ్లేమన్నారో, అన్నీ చెప్పేశాను. నీ ఉత్తరాలు కూడా చదివాను, దుప్పటితో సహా.

మర్నాడు "బండి కట్టించు" అన్నారు. తుమ్మలగుట్ట తీసుకెళ్లాను. మళ్లీ అదే కాలం కదా, కళ్లం నిండా మిరపకాయలు. రాయి దగ్గర చతికిలబడి పై వరస నించి వేలు పెట్టుకుంటూ వచ్చారు. ఆ వరస దగ్గరికి రాగానే నేను మొహం తిప్పుకున్నాను. వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. చూపులేని కళ్లకీ ఆ ఘాటు తగులుతుంది కుమారీ, ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. కండువాతో తుడుచుకుని "ఈ ఘాటులోనా పనిచేశావు?" అన్నారు. అంతే. దారిపొడుగునా ఇంకో మాట లేదు. తర్వాత ఇంట్లో కూడా లేదు. మజ్జిగ పోస్తే తాగుతారు, చాలంటే చెయ్యి అడ్డం పెడతారు.

నిన్న కొడుకుని పిలిచి సభకి వెళ్తున్నామన్నారు. నేను బట్టలు సర్దబోతే "నువ్వు రావద్దు" అన్నారు. గట్టిగా అన్నారు. ఈ ఇంటికి వచ్చింతర్వాత ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడ్డం ఇదే మొదటిసారి.

అక్కడ ఏం చెప్తారో నాకు తెలీదు. నేను తప్పు చేశానని చెప్పినా తప్పులేదు, నిజమే కదా. తప్పు తనదేనని మీదేసుకుని తలవంచుకుంటే మాత్రం నేను తట్టుకోలేను. నువ్వు అక్కడుంటావుగా, జరిగింది జరిగినట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని ఏదీ దాచకు.

రాజ్యం

*

గుంటూరు
9 ఫిబ్రవరి 1987

రాజ్యం,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లైబ్రరీ హాలు నిండిపోయింది. త్యాగరాజుగారు ఫోటోలు చేతికి చేతికి అందించి, శాసనం చదివి, "శేషాచలంగారు దీనికి ఏం చెబుతారో విందాం" అని కూర్చున్నారు. మీ ఆయన భుజం పట్టుకుని మీ మామగారు లేచారు.

"త్యాగరాజుగారు చెప్పింది నిజం. రాయిమీద కొడుకు ఒక్కడే. నేను వెళ్లి చూసుకొచ్చాను. కానీ ఈ తప్పు నాది కాదు" అన్నారు.

హాల్లో గుసగుసలు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఆయనమీద అసహ్యం వేసింది. ఇన్నేళ్లు నీ పని తిని, ఇప్పుడు ఎంగిలి చెయ్యి దులుపుకుంటున్నాడే అనుకున్నాను. త్యాగరాజుగారు కూడా "అంటే కోడలి మీదికి నెడుతున్నారా?" అన్నారు.

"నేను వేలితో చదువుతానండి. వేలు ఒక మాట దాటి ముందుకెళ్లాక మళ్లీ అదే మాట మీదికి ఎలా వస్తుంది? రాయికి అతుకు లేదు. అతుకు కాగితానికుంటుంది. మీరూ నకళ్లు తీసినవారే, మీకు నేను చెప్పాలా? ఇది కాగితం మీద చదివేవాళ్లు మాత్రమే చేయగల తప్పు. గుడ్డివాడు చేయలేడు. మా ఇంట్లో కాగితం మీద చదివేది ఒక్కరే."

త్యాగరాజుగారి చేతిలో ఫోటో అలాగే ఉండిపోయింది. ఆయన అతుకుల గురించి ఆలోచించనే లేదు, నాకు మొహంలో తెలిసిపోయింది.

"ఆరేళ్లుగా నా పేరుతో వచ్చినవన్నీ ఆవిడే రాసింది. మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. తర్వాత నేనే రాస్తున్నానని నమ్మడం మొదలుపెట్టాను. ఈ మాట ఆవిడ చెప్తే మీరు మామమీద భక్తి అన్నారట. ఉత్తినే నేనొచ్చి చెప్తే కోడలిమీద అభిమానం అని ఉండేవారు. అందుకే ఈ తప్పు పట్టుకుని వచ్చాను. ఆవిడ పని ఆవిడదే అనడానికి నా దగ్గర ఇంతకుమించి రుజువు లేదు. గౌరవ సభ్యత్వం నాకొద్దు. పనిచేసిన మనిషిని చేర్చుకోండి."

కూర్చోబోతూ మళ్లీ ఆగి, "ఆవిణ్ణి రావద్దన్నాను. వస్తే నాకంటే ముందు లేచి తప్పంతా తనదే అని మొదలెడుతుంది, మీరు మళ్లీ ఆహా అంటారు" అన్నారు. ఈసారి ఎవరూ ఆహా అనలేదు.

త్యాగరాజుగారు ఫోటోలు వెనక్కి తీసుకుని దొంతరగా పేర్చారు. "నియమం నియమమే. సొంత పేరుతో అచ్చయిన వ్యాసం లేదు కదా ఆవిడకి" అన్నారు చివరికి. నేను కుర్చీలోంచి లేవబోతున్నాను, ఈలోపల ఆయనే, "ఈ తప్పుకి సవరణ ఎవరో ఒకరు రాయాలి కదా. నేను రాద్దామనుకున్నాను. ఆవిణ్ణే రాయమనండి, ఆవిడ పేరుతోనే. అచ్చయితే ప్రతిపాదకుడిగా నేను సంతకం పెడతాను" అన్నారు. వెళ్లేటప్పుడు మీ మామగారి చేతులు పట్టుకుని ఏదో అన్నారు, నాకు వినపడలేదు.

ఏడుస్తున్నావా? నేనైతే హాల్లోనే ఏడ్చాను. కార్యదర్శిని, సిగ్గులేకుండా.

కుమారి

*

వినుకొండ
20 మే 1987

కుమారీ,

సవరణ అచ్చయిన సంచిక నీకూ అంది ఉంటుంది. ఒకటిన్నర పేజీ. "తుమ్మలగుట్ట శాసనం: పొరపాటున పుట్టిన కొడుకు" అని పేరు పెట్టాను. కింద నా పేరు. ఆయన సంతకం కోసం చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం లేకపోవడం నాకే కొత్తగా ఉంది.

గుంటూరు నించి వచ్చినరోజు మామయ్యగారు సభ సంగతి ఏమీ చెప్పలేదు. కాళ్లు కడుక్కుని, "రేపట్నించి రాయి దగ్గర గీత నేను గీస్తాను. పెన్సిలు నా చేతికివ్వు, అంచు నాకు తెలుస్తుంది" అన్నారు. అంతే. నేనూ ఏమీ అడగలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా ఉగ్గబట్టుకున్నాను.

మీ సంఘం నించి సభ్యత్వం ఖాయమైనట్టు ఉత్తరం నిన్న వచ్చింది. పోస్ట్‌మాన్ జాన్ బాషా అలవాటు ప్రకారం మామయ్యగారి చేతికే ఇచ్చి వెళ్లాడు. నేనూ అలవాటు ప్రకారం వెళ్లి పక్కన కూర్చుని, కవరు అందుకుని, పైన చిరునామా చదివాను. "శ్రీమతి రాజరాజేశ్వరి గారికి" అని ఉంది.

కవరు చింపి చదవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"నీకొచ్చిన ఉత్తరం నాకెందుకు చదువుతావు? వెళ్లి నువ్వు చదువుకో" అన్నారు.

లోపలికి తెచ్చుకుని, వంటింట్లో నిలబడి, పైకి కాకుండా నాలో నేను చదువుకున్నాను. నీ ఉత్తరాలు తప్ప ఇంకేదీ అలా చదువుకుని ఎన్నేళ్లయిందో. రెండోసారి చదువుతుండగా గోడ తడుముకుంటూ ఆయనే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"ఏం రాశారమ్మా?" అన్నారు.

నీ
రాజరాజేశ్వరి